చెంగల్రాయుడి కాఫీ మంగలం

చెంగల్రాయుడని ఒకాయన ఉండె. మా పిన్నమ్మ వాళ్ళ ఊర్లో, మామిడితోపు పక్కన ఇల్లు. వయసులో ఉన్నప్పుడు కొండల మీద కాఫీతోటల్లోకి కూలికి పోయినాడంట. అందురూ పోయేవాళ్ళే, అందురూ వచ్చేవాళ్ళే, వచ్చేటప్పుడు ఒక రగ్గో ఒక చెంబో తెచ్చుకుంటారు. ఈయన మాత్రం ఒక పిచ్చి తెచ్చుకున్నాడు. ఏం పిచ్చంటే, కాఫీగింజలు తానే వేయించాల, తానే మిషన్లో తిప్పి పొడి చేయాల, తానే ఇత్తడి ఫిల్టర్లో డికాషను దించాల. అంగట్లో పొడి దొరకతాది గదయ్యా, పాకెట్టు చించుకుంటే అయిపోయె గదా అని ఎవురన్నా అంటే, 'అది పొడా? పొయ్యిలో బూడిద' అంటాడంట. ఆ తోటలో బైరప్ప అని ఒక మేస్త్రీ ఉండె. గింజ వేయించేది ఈయనకు ఆ బైరప్పే నేర్పించినాడు. ఈయన ఆయన్ని అన్నా అంటాడు, సొంత అన్న మాదిరే చూస్తాడు. ఈయన ఊరికొచ్చేసినాక గూడా ఆ బైరప్ప ఏటేటా ఒక మూట పచ్చిగింజలు బస్సుకేసి పంపుతాడు. పంపతా ఏమని చెప్పంపుతాడంటే, 'ఒరే చెంగా, ఇది నీ ముక్కు కోసరం పంపుతా ఉండా. అట్లాంటి ముక్కు ఈ కొండ మీద ఇంగోటి లేదు' అని. ఆ మాట ఈయన ఎంతమందికి చెప్పుకున్నాడో లెక్క లేదు. నాకే చెప్పినాడు, నేనెవురో ఆయనకు తెలీదు, బస్సు కోసరం నిలబడుకోనుంటే పిలిచి మరీ చెప్పినాడు.

ఎట్ల వేయిస్తాడంటే, సంకటి వండి దించినాక ఆ నిప్పుల మీదనే మట్టి మంగలం పెడతాడు. పేలాలు వేయించుకుంటారు చూడు, అట్లాంటిది, ఆయన పెండ్లాం పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ఆ యమ్మ పేరు దొరసానమ్మ. పేరుకు తగ్గట్టే నోరు. కాఫీ అంటే ఆ యమ్మకు పడదు, ఒక్క చుక్క నాలిక మీద వేసుకున్న పాపాన పోలేదు. అంబలి తాగుతాది, మజ్జిగ తాగుతాది, అంతే. ఈయన మంగలం ముందర కూర్చున్నాడంటే ఆ యమ్మ తిట్లు మొదులు. గింజ పడి వేడెక్కతానే 'ఏంది యో ఈ పచ్చిగడ్డి కంపు, ఇది ఇల్లా పశువుల కొట్టమా' అంటాది. ఇంగ రవ్వసేపుకి గింజ పసుపు తిరుగుతాది, అప్పుడు 'రాగిపిండి వేయిస్తా ఉండావా, పిండి ఎవురి సొమ్మనుకున్నావు' అంటాది. తర్వాత టపటపా చిట్లతాది, పొగ లేస్తాది. అప్పుడు చూడాల ఆ యమ్మని. 'పాకం ముదిరిపాయ, నా చీరలన్నీ పొగాయ, దించయ్యా నీ ఇల్లు బంగారం గానూ' అంటాది. ఆయన దించి చేటలో పోసి, పొట్టు చెరిగేస్తాడు. ఆ యమ్మ తిట్టిందని దించలేదు, తన ముక్కు చెప్పింది, దించినాడు. అట్లని ఆయనా అనుకున్నాడు, ఆ యమ్మా అనుకునింది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ఎనక పనికొస్తాది.

ఇట్లుండగా ఏమైందంటే, ఒక వానాకాలం చెంగల్రాయుడికి జరమొచ్చింది. ఊరంతా పడింది ఆ జరం, ఈయనా పడినాడు, లేచినాడు. లేచినాక చూస్తే ముక్కు పోయింది. అంటే ముక్కు ఉండాది మే, నవ్వాకు, వాసన పోయింది. మల్లెపూలు పెట్టుకోనున్నా ఒకటే, మురిక్కాలవ పక్కన కూర్చున్నా ఒకటే. ఎవురికీ చెప్పలే, పెండ్లానికీ చెప్పలే. మనసూరుకోక ఒకనాడు మంగలం పెట్టినాడంట, దొరసానమ్మ వంక దగ్గరికి గుడ్డలుతకడానికి పోయున్నప్పుడు. ఏ వాసనా తగల్లే. ఇంగా కాలేదేమో, ఇంగా కాలేదేమో అని తిప్పతానే ఉండాడు, గింజంతా బొగ్గయి పాయ. కండ్లతో చూసి దించుకోవచ్చు గదా అంటారేమో. పొయ్యిమూల చీకటి, మంగలం నలుపు, దానికితోడు ఆయన కండ్లకు పొర. చిట్లే చప్పుడు వినచ్చు గదా అంటే, నిప్పులూ చిటపటమంటా ఉండె, గింజా చిటపటమంటా ఉండె. బతుకంతా ముక్కును నమ్ముకున్నోడికి చెవులేం చెప్తాయి? ఆ బొగ్గును తీసకపోయి మామిడితోపులో గుంత తీసి పూడ్చేసినాడంట. మంగలం కడిగి అటక మీద పెట్టేసినాడు. 'ఏమయ్యా, కాఫీ మానుకున్నావంట' అని ఎవురన్నా అడిగితే, 'ఇష్టం సచ్చిపాయ' అని తల తిప్పుకునేవాడు.

దొరసానమ్మకు మొదట పండగే. చీరలన్నీ ఉతికి ఆరేసుకునింది, ఇల్లు అలుక్కునింది. ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలే. ఆ మనిషి తెల్లారి లేస్తే అరుగు మీద కూర్చుంటాడు, పొద్దు గూకినా ఆడనే ఉంటాడు. పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. ఉప్పు లేదనడు, కారమనడు. ఒకనాడు పాలు అడుగంటి మాడిపాయ, పక్కింటోళ్ళకు గూడా తెలిసింది, ఈయన గడగడా తాగేసి గళాసు కింద పెట్టినాడు. ఆ యమ్మకు అనుమానం తగిలింది. మర్నాడు ఏం చేసిందంటే, ఎండుచేపలు తెచ్చి, ఆయన కూర్చున్న అరుగు పక్కనే కుంపటి పెట్టి, నిప్పుల మీద కాల్చింది. వీధిలో కుక్కలన్నీ వచ్చి నిలబడినాయంట. ఈయన కుక్కల్ని చూసి, 'ఎందుకే ఇవి ఈడికొచ్చినాయి' అన్నాడు. అంతే, ఆ యమ్మ చేప తిప్పేది ఆపి ఇంట్లోకి పోయి, తలుపుచాటున కూర్చోని ఏడ్చింది. ఊరికే కాదు, వెక్కి వెక్కి ఏడ్చింది. నా మొగుడికి ముక్కే గదా సొత్తు, అది పోతే నాకొక్క మాట చెప్పకుండా లోపల లోపల కుమిలిపోతా ఉండాడే అని. పోయి అడుగుదామా అనుకునింది. అడిగితే ఇంగా చిన్నబోతాడు, ఊర్లో మొగమెత్తుకోలేడు అని నోరు మూసుకునింది. ఆ యమ్మ నోరు మూసుకోవడం అదే మొదలనుకో.

ఇంగేం చేసిందో చెప్తా వినండి. మంగలం అటక మీద నుంచి తానే దించింది. తెచ్చి ఆయన ముందర దబ్బున పెట్టి, 'యో, ఆ మూటలో గింజలు ఎలకల పాలవతా ఉండాయి. ఎలకలకు కాఫీ పోసి మర్యాద చేయాల్నా నేను? వేయించి పడేయ్' అనింది. ఆయన 'నాకొద్దు' అంటే, 'నీకొద్దంటే అడిగిందెవురు, నా పొయ్యి, నా మంగలం, కూర్చో' అనింది. ఆయన కూర్చున్నాడు, గింజలు పోసినాడు. ఆ యమ్మ ఎనక నిలబడి ఎప్పటి మాదిరే మొదలు పెట్టింది. పచ్చిగడ్డి కంపనింది, రాగిపిండనింది. పాకం ముదిరిపాయ, దించయ్యా నీ ఇల్లు బంగారం గానూ అనింది. ఆయన దించినాడు. పొడి కొట్టి, డికాషను దించి, పాలు పోసి తాగి చూసినాడు. ఆయనకు చేదు తప్ప ఏం తెలీలే. పక్కింటోళ్ళకు పోసి, వాళ్ళ మొగాలు చూస్తా కూర్చున్నాడు. వాళ్ళు రెండో గళాసు అడిగినారు. అప్పుడు ఆయన మొగంలో వెలుగొచ్చింది. అప్పట్నుంచీ మళ్ళీ మంగలం పొయ్యెక్కింది, ఈయన తిప్పేది, ఆ యమ్మ తిట్టేది. ముక్కు మాట ఈయన ఎత్తలే, ఆ యమ్మా ఎత్తలే.

అట్ల జరిగిపోతా ఉంటే, ఒకనాడు చెప్పా పెట్టకుండా బైరప్ప దిగినాడు. తిరపతి కొండకు పోతా పోతా, తమ్ముణ్ణి చూసిపోదామని. వస్తానే, 'ఒరే చెంగా, నీ చేత్తో వేయించిన కాఫీ తాగి ఎన్నాళ్ళాయరా, నా ముందరే వేయించు' అని పీట వేసుకోని మంగలం పక్కనే కూర్చున్నాడు. గింజ మాడితే ముక్కు సంగతి బయట పడతాది. నీ ముక్కు కోసరం పంపుతా ఉండానన్న మనిషి, ముక్కు లేనోడికి మూట ఎందుకు పంపుతాడు? మూట రాకపోతే మళ్ళీ ఆ అరుగే గదా. సరే, పెండ్లాం ఉండాది గదా అనే ధైర్నంతో మంగలం పెట్టినాడు, గింజ పోసినాడు. తిప్పతా ఉండాడు. ఆ యమ్మ పలకలే. ఎందుకు పలకలేదంటే, బైరప్ప మొగుడికి అన్న వరస, ఆ యమ్మకు బావగారు. బావగారి ముందర నిలబడి మొగుణ్ణి కసిరితే ఏం మర్యాద? కొంగు తల మీదకి లాక్కోని తలుపుచాటున నిలబడుకోనుంది. ముక్కుకు పచ్చిగడ్డి తగిలింది, పలకలే. రాగిపిండి తగిలింది, పెదివి కొరుక్కునింది. రెండు సార్లు దగ్గింది, బైరప్ప 'పొగకు దగ్గొస్తా ఉన్నట్టుంది, నువ్వు బయట కూర్చోమ్మా' అన్నాడంట. ఆ మనిషి మంచితనం గూడా అప్పుడే రావాల్నా? ఇంగ గింజ చిట్లింది, పొగ లేచింది. చెంగల్రాయుడు ఒకసారి తలుపు వైపు చూసినాడు, ఇంగోసారి చూసినాడు. తిప్పే చెయ్యి నిలిచిపాయ. నిలిచిపోతే గింజ మాడదా? అప్పుడన్నాడంట, అన్న పక్కనే కూర్చోనుండాడని గూడా చూడకుండా, 'ఏమ్మే దొరసానీ, తిట్టవేమ్మే? నువ్వు తిట్టకపోతే నాకెట్ల తెలుస్తాదే?'

అంటే ఏమి? ఆ యమ్మ కనిపెట్టేసిందని ఈయనకు ఎప్పుడో తెలుసు. కాఫీ అంటే పడని మనిషి తానే మంగలం దించిన మొదటి దినమే తెలుసు. తెలిసి, తెలీనట్టే ఆ తిట్లన్నీ తిన్నాడు. ఆ మాట చెవిన పడతానే ఆ యమ్మ కొంగు జారిపాయ, బావగారూ లేదు మర్యాదా లేదు, 'దించయ్యా, పాకం ముదిరి మాడేదానికొచ్చింది, దించు దించు, నీ ఇల్లు బంగారం గానూ' అని ఏడస్తా తిట్టింది. ఆయన దించి చేటలో పోసినాడు. బైరప్ప ఇద్దర్నీ మార్చి మార్చి చూసినాడు. 'ఎప్పట్నుంచిరా' అన్నాడు. 'జరమొచ్చినప్పట్నుంచి అన్నా' అని ఈయన తల వంచుకున్నాడు. బైరప్ప కాఫీ అయినాక తాగినాడు, గళాసు బోర్లించి, 'ఒక్క రవ్వ ముదిరింది. అది నా వల్ల ముదిరింది' అని లేచి బస్సుకు పోయినాడు. ఇంగ మూట రాదులే అనుకున్నాడు ఈయన. మళ్ళీ ఏటికి మూటొచ్చింది. బస్సాయన దింపతా ఏమన్నాడంటే, 'బైరప్ప చెప్పంపినాడయ్యా, ఇది మా మరదలి నోటి కోసరం పంపింది, నీకు కాదంట' అని.

దొరసానమ్మ ఇప్పటికీ కాఫీ తాగదు. నేను పోయినప్పుడు నాకు పోసింది, తాను మజ్జిగ తాగింది. కాఫీ బాగుండె, దొంగమాట ఎందుకు చెప్పాల. మా ఇంటాయనకు ముక్కు దిట్టంగా ఉండాది, నేనిన్నేండ్లు తిట్టిందంతా ఉత్తికే పాయ. ఏందే అందురూ చేతులు కట్టుకోని కూర్చున్నారు, శనక్కాయలు వాటంతటవే వొలుచుకుంటాయా, కానీండి.