గోడ మీది తాతలు

ఇక నావల్ల కాదు అత్తయ్యా. ఆ గుర్రం మాంసం పళ్ళెం కాస్త అవతల పెట్టండి. వచ్చి ఆరు రోజులైంది. పుస్తకం ఒక్కటి తెరిచిన పాపాన పోలేదు గానీ, ప్యాంటు గుండీ మాత్రం నిన్న తెగిపోయింది.

అబ్బే, వంటకి వంక పెట్టడం లేదు. మా కిర్గిజ్ వైపు నరీన్ కొండల్లో ఇలాంటి తిండి పెళ్ళిళ్ళకి పెడతారు. మీరేమో రోజూ పొద్దున్నే పెడుతున్నారు. మనిషి ఏమైపోతాడు చెప్పండి?

తలుపు వేయనా? బయట కాపలా ముసలాయనవి పాము చెవులు.

ఆయన సంగతే చూడండి. సోమవారం పొద్దున నేను సూట్‌కేసుతో బస్సు దిగి వస్తే, నా బూట్లకంటిన మట్టి చూసి, పశువుల సంత పక్క వీధిలో బాబూ అన్నాడు. ఇవాళ నన్ను చూడగానే లేచి నిలబడి టోపీ సర్దుకుంటున్నాడు. హాస్టల్ వార్డెన్ కుల్యాష్‌గారి మేనల్లుణ్ణి కదా మరి, మామూలు మనిషినా?

ఆ మేనల్లుడి సంగతే మాట్లాడదామని వచ్చాను.

కూర్చోను లెండి, నిలబడే చెప్తాను. కూర్చుంటే మీరు టీ పోస్తారు. టీ తాగితే నేను చెప్పను. నాలుగు రోజులుగా ఇదే తంతు.

ముందు ఒకటి చెప్పండి. రేపటి విందు ఆపడానికి కుదురుతుందా? ఎందుకని అడగకండి, చెప్తాను కదా. గొర్రెని ఇంకా కోయలేదుగా? సరే, అది బతికిపోయింది. మరి మీ పెదనాన్న, ఒరజాలీ తాతయ్య, ఇంకా ఆయన ఊళ్ళోనే ఉన్నారా, బయల్దేరలేదుగా?

ఎక్కేశారా.

ఎనభై ఏళ్ళ మనిషి పొద్దున్నే రైలెక్కేశారా. ఒళ్ళో మీ వంశం పుస్తకం పెట్టుకుని, నా పేరు రాయడానికి కొత్త కలం కూడా కొనుక్కుని. నా ఖర్మ.

సరే, ఎక్కితే ఎక్కారు. వినండి. మధ్యలో ఆపకండి, ఆపితే మళ్ళీ తోక ముడుస్తాను. సోమవారం నేను ఈ గదిలోకి వచ్చినప్పుడు మీరేమన్నారు? జాబితాలో నీ పేరు లేదు, మంచాలు లేవు, అక్టోబరులో రా అన్నారు. అక్టోబరు దాకా నేనెక్కడుండాలి? హిమానీనదాల మీద పరిశోధనకి వచ్చినవాడు హిమానీనదం మీదే పడుకుంటాడనుకున్నారా?

కోపంగా కాదు, చెప్తున్నా అంతే. మీ తప్పేం లేదు. నేనే మొహం వేలాడేసుకుని నిలబడ్డాను. మీకు జాలేసింది. టీ తాగి వెళ్ళు అన్నారు. అని ఊరుకోవచ్చు కదా? కెటిల్ వైపు తిరుగుతూ, మన కజాక్, కిర్గిజ్ ఇళ్ళల్లో అందరూ అడిగే మాటే అడిగారు. ఎవరి పిల్లాడివి, మీ ఏడు తరాల పేర్లు చెప్పు చూద్దాం అని.

అదుగో, అక్కడొచ్చింది తంటా.

మీరు అటు తిరిగి ఉన్నారు. మీ కుర్చీ వెనక గోడ మీద మీ వంశవృక్షం. అంత పెద్ద పటం, అంత చక్కటి అక్షరాలు. మీ అన్నదమ్ములు అచ్చు వేయించినప్పుడు అక్షరాలు కాస్త చిన్నవి చేయించి ఉంటే ఇవాళ ఈ గొడవే ఉండేది కాదు. కుడివైపు చివర ఒక కొమ్మ ఉంది చూడండి. జానుజాక్ అని రాసి, కింద, పందొమ్మిదివందల ముప్పై మూడు కరువులో ఆలుబిడ్డలతో కిర్గిజ్ కొండలు దాటాడు, కబురు లేదు అని. దాని కింద అంతా ఖాళీ. అంత ఖాళీ జాగా ఎదురుగా పెట్టుకుని మంచం లేని మనిషి ఏం చేస్తాడు?

ఎక్కి కూర్చున్నాను.

మా నాన్న తోక్తోసున్, ఆయన తండ్రి తాబిల్ది, ఇంతవరకూ నిజం. అక్కణ్ణుంచి గోడ చూసి చదివాను. జానుజాక్, బైసెయిత్, ఓతెప్, కరబాస్, మల్దిబాయ్. కింది నుంచి పైకి, గుక్క తిప్పుకోకుండా. నీళ్ళు మరుగుతున్నాయి, మీరింకా అటే తిరిగి ఉన్నారు.

అలా చూడకండి అత్తయ్యా. కాదు, కుల్యాష్‌గారూ అనాలేమో ఇప్పుడు. ఏమో, నోరు తిరగడం లేదు.

నేననుకున్నదేమిటో చెప్పనా? మీరు, ఓహో, మా దూరపు చుట్టానివన్నమాట అని ఒక మంచం పారేస్తారనుకున్నాను. అంతే. మీరు అలా కప్పు చేతిలోంచి జారవిడుస్తారని నాకేం తెలుసు? నా తల రెండు చేతుల్లో పట్టుకుని నుదురు వాసన చూసి, వచ్చావా, ఎనభై ఏళ్ళు పట్టిందా రావడానికి అని ఏడుస్తారని ఎవరు అనుకుంటారు? అప్పుడు చెప్పాల్సింది. మీ కన్నీళ్ళు నా చొక్కా మీద పడుతుంటే, మీరు చదివిన అక్షరాలే నేనూ చదివానండీ అని ఎలా చెప్పను? మీరైతే చెప్పేవారా?

ఇక మొదలైంది నా వైభవం. రెండో అంతస్తులో గది. ఈ హాస్టల్ మొత్తంలో వేడినీళ్ళు వచ్చే ఒకే ఒక్క గొట్టం పక్కన. మీ ఇంటినుంచి రెండు దుప్పట్లు. మా ప్రొఫెసరుగారు నన్ను ఇంతవరకూ ఒక్కసారి చూశారు, అదీ మెట్ల మీద. హిమానీనదమా, అది కరగకముందే రాసెయ్ అని వెళ్ళిపోయారు. నేను ఆయన్ని ఒక్కసారి చూస్తే మీ బంధువుల్ని ముప్పై ఒక్కసార్లు చూశాను.

ఎక్స్‌రే వరస సంగతి ఒకటుంది, చెప్పలేదు మీకు. మంగళవారం హాస్టల్‌లో చేరడానికి కావాల్సిన ఛాతీ ఎక్స్‌రే కాగితం కోసం ఆస్పత్రిలో మూడు గంటలు నిలబడితే, ముందు ఒక అమ్మాయి. అయ్‌గానిమ్. నవ్వింది. నేనూ నవ్వాను. తన కలం ఇచ్చింది, నేను తిరిగివ్వడం మర్చిపోయినట్టు నటించాను. బుధవారం మీరు అదే అమ్మాయిని చెయ్యి పట్టుకుని తెచ్చి, మా తమ్ముడి కూతురు, నీకు చెల్లెలవుతుంది అన్నారు. అబద్ధానికి శిక్ష అంత త్వరగా పడటం నేనెక్కడా చూడలేదు. అన్నయ్యా, నా కలం ఇచ్చెయ్ అంది. ఇచ్చేశాను.

నవ్వొచ్చిందా? కాస్త నవ్వండి. ఇకముందు నవ్వేదేం లేదు.

ఆ గది అసలు షోదీబెక్‌ది. పామీర్ నుంచి వచ్చినవాడు, పొడుగ్గా, ఉన్ని టోపీ పెట్టుకుంటాడే, వాడు. రెండు రోజులు బస్సుల్లో కూర్చుని వచ్చాడు. జాబితాలో పేరుంది. ఎక్స్‌రే కాగితం ఉంది. ఒక్క అత్తయ్యే లేదు. ఇప్పుడు వ్యాయామశాలలో బాస్కెట్‌బాల్ బుట్ట కింద మడతమంచం వేసుకున్నాడు. నిన్న క్యాంటీన్‌లో నా పక్కన కూర్చుని, మీ అత్తయ్యవాళ్ళకి ఇంకో తాత ఎవరైనా తప్పిపోయాడేమో కనుక్కోరా, నేను వాడి మనవణ్ణవుతాను అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను సూపు వదిలేసి లేచిపోయాను.

అయినా సరే, అప్పుడు కూడా రాలేదు నేను. నా సిగ్గు లేనితనం నేనే చెప్తున్నాను. షోదీబెక్‌కి దగ్గొచ్చినా వచ్చేవాణ్ణి కాదేమో.

రేపటి కోసం వచ్చాను. ఒరజాలీ తాతయ్య పుస్తకంలో రాసేస్తే ఇక అది అబద్ధం కాకుండా పోతుంది కదా. నా పిల్లలు దాన్ని చదువుతారు. అయ్‌గానిమ్ పిల్లలు చదువుతారు. మీ జానుజాక్ తమ్ముడి కొడుకు, కళ్ళు సరిగా కనబడని మనిషి, ఇన్నేళ్ళూ ఎదురుచూసిన ఖాళీ జాగాలో, కొత్త కలంతో, మంచం కోసం గోడ చదివిన ఒక వెధవ పేరు రాస్తాడు. అది చూస్తూ నేను, విందులో ఇంటి చిన్నవాడికిచ్చే గొర్రె తల చెవి కోసుకుని తినాలి. నేను ఎంత సిగ్గులేనివాణ్ణయినా అంత సిగ్గులేనివాణ్ణి కాదు అత్తయ్యా.

ఏమన్నారు? నిజం పేర్లా?

నా నిజం ఏడు తరాలు చెప్పమంటారా.

అడుగుతారని తెలుసు. అందుకే కూర్చోలేదు నేను.

తోక్తోసున్. తాబిల్ది. అయిపోయింది.

లేవు. మర్చిపోవడం కాదు, లేవు. మా తాత పేరు విన్నప్పుడైనా మీకు అనుమానం రావద్దా? తాబిల్ది అంటే దొరికాడు అని. అమ్మానాన్నా పెట్టిన పేరు కాదది, అనాథాశ్రమంలో ఆయా పెట్టింది. మా వైపు తోక్‌మోక్ ఊళ్ళో, ఆ కరువేడాదే. నాలుగేళ్ళ పిల్లాడు. పేరడిగితే చెప్పలేదట, రొట్టె ఇస్తే చేతిలో పట్టుకుని నిద్రపోయాడట. కజాక్ పిల్లాడో, కిర్గిజ్ పిల్లాడో కూడా తెలీదు. కాగితంలో కిర్గిజ్ అని రాశారు, కిర్గిజ్ అయ్యాడు.

చిన్నప్పుడు బళ్ళో మాస్టారు పిల్లల్ని వరసగా లేపి ఏడు తరాలూ చెప్పించేవారు. చెప్పలేనివాణ్ణి మనవాళ్ళు ఎలా చూస్తారో మీకు నేను చెప్పాలా? నేను మా పక్కింటి గొర్రెలకాపరి తాతల్ని బట్టీ పట్టాను. మా నాన్నకి తెలుసు. చెప్పెయ్‌రా, ఎవడు వెళ్ళి చూసొస్తాడు అన్నాడు. అంటే నాకిది కొత్త విద్య కాదన్నమాట. మీ గోడ నాకు రెండో దొంగతనం.

వద్దు. ఆ చూపు వద్దు. మీరేమనుకుంటున్నారో నాకు తెలుసు.

అవును, తోక్‌మోక్ ఆ కొండలు దాటగానే మా వైపే. అవును, ముప్పై మూడే. మా తాతకి ఒక్కటే జ్ఞాపకం ఉండేది, ఒంటె మీద గంపలో కూర్చోబెట్టారు, కింద మంచు కనబడేది అని. నేనూ వేసుకున్నాను ఆ లెక్కలన్నీ. ఊళ్ళు కలుస్తాయి, ఏడాది కలుస్తుంది, పిల్లాడి వయసు కూడా కలుస్తుంది. కానీ ఆ ఏడాది గంపల్లో కొండ దాటిన పిల్లలు ఎంతమంది అత్తయ్యా? వాళ్ళందరికీ జానుజాకే తండ్రా? మీరు ఆశ పెట్టుకోకండి. మీరు పెట్టుకుంటే నేనూ పెట్టుకుంటాను. నాకది ఇంకా ప్రమాదం.

నిజం చెప్పనా, పెట్టుకున్నాను. గురువారం మీరు లేనప్పుడు ఈ గదిలోకి వచ్చి, ఆ పటంలో ఖాళీ జాగా మీద వేలు పెట్టి తాబిల్ది అని రాశాను. కలంతో కాదు, ఉత్త వేలితో. మా తాత బతికున్నన్నాళ్ళూ ఎవరి పెళ్ళికి వెళ్ళినా చివర్లో కూర్చునేవాడు, తన వరస ఎవరూ అడగకుండా. ఒక్క పూట ఎవరో ఒకరి కింద ఉంటే ఎలా ఉంటుందో చూద్దామని. ఏడుపొచ్చింది. ఇన్నిటిలో నటన కానిది అదొక్కటే, అదీ మీరు చూళ్ళేదు.

అయిపోయింది. ఇంక దాచిందేం లేదు.

ఇదుగో తాళంచెవి. షోదీబెక్‌కి ఇచ్చెయ్యండి, గొట్టం కుళాయి ఎడమవైపు తిప్పమనండి. దుప్పట్లు మడతపెట్టి మంచం మీద ఉంచాను. స్టేషనుకి నేనే వెళ్తాను. తాతయ్యని దింపుకుని, ఆ పుస్తకం సంచీ మోసుకుంటూ, దారిలో ఆయనకి కూడా చెప్తాను. తిడితే తిట్లు తింటాను. కొడితే, ఎనభై ఏళ్ళ చెయ్యి, ఎంత తగులుతుంది.

మిగిలిందొక్కటే. ఆరు రోజులుగా అత్తయ్యా అని పిలిచాను కదా. పుట్టి బుద్ధెరిగాక అలా పిలవడానికి నాకెవరూ లేరు. మా తాతకి తెలిసిన తోబుట్టువుల్లేరు, మా నాన్న ఒక్కడే. గది తీసుకోండి, పుస్తకంలో చోటు తీసుకోండి, అయ్‌గానిమ్‌కి నేను అన్నయ్యని కాదని చెప్పుకోండి, అది నాకు మేలే. ఆ పిలుపు మాత్రం నేను తిరిగివ్వను అత్తయ్యా. ఏం చేసుకుంటారో చేసుకోండి.