రేమండ్ వేసిన మెట్ల లైటు

ఏవిటమ్మాయ్, స్విచ్చు ఊడదీసి చూస్తే లోపల రెండే తీగలున్నాయా? అంతే ఉంటాయి మరి. ఈ వీధిలో ఏ ఇల్లు విప్పినా అంతే. ఫోనుతో వెలిగించుకునే స్విచ్చులకి మూడోదేదో కావాలి చూడు, న్యూట్రలంటారు, అది స్విచ్చు దాకా రాదు, పైన లైటు దగ్గరే ఆగిపోతుంది. కరెంటు ఒక తీగలో వస్తుంది, ఇంకో తీగలో తిరిగి వెళ్ళిపోతుంది, ఆ వెళ్ళే తీగ అన్నమాట. నాకెలా తెలుసంటావా? రేమండ్ చెప్పాడు. రేమండ్ ఆక్‌రాయిడ్. నువ్వెరగవులే, నువ్వీ ఊరు రాకముందే పోయాడు. ఆ చివర చర్చి పక్కిల్లు దగ్గర్నించి ఈ చివర మా ఇంటి దాకా వైరింగంతా ఆయన చేతిదే. మిల్లువాళ్ళు ఇళ్ళన్నీ పనివాళ్ళకే అమ్మేశారే, ఆ ఏడాది. మా ఆయన స్టాన్లీ, నేనూ కొత్తగా కాపురం పెట్టాం. రేమండ్ నిటారుగా ఉండేవాడు, నేలకి పరిచిన చెక్క పలకల కింద దూరి పనిచేసేటప్పుడు కూడా మెడకి టై ఉండాల్సిందే. ఊరి బ్యాండులో పెద్ద ఇత్తడి బూరా వాయించేవాడు. ప్రాక్టీసు చేస్తుంటే మా అలమార్లో గిన్నెలు గణగణలాడేవి, స్టాన్లీ పత్రిక మడిచి, "ఇదుగో, మళ్ళీ ఆవు ఈనుతోంది" అనేవాడు. సరే, ఏం చెబుతున్నాను... ఆఁ, రేమండ్. ఎవరింటికి టీకి వెళ్ళినా ముందు స్విచ్చు మీద వేలితో తట్టేవాడు, పిల్లాడి బుగ్గ తట్టినట్టు. "చూశావా మార్జరీ, ఇంకా ఎంత బిగువుగా ఉందో." ఔను రే, ఉంది రే, కేకు తిను, అనేదాన్ని. అందరం ఆయన్ని రే అనే పిలిచేవాళ్ళం.

ఇదుగో ఈ గోడ అవతల నోరీన్ ఉండేది. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, చెవీ అంతంతమాత్రమే. మేడమీద వెనకగదిలో మంచం. ఆ గదికి ఎదురుగా కొండ, మిట్టమధ్యాహ్నం కూడా చీకటే, రోజంతా లైటుండాల్సిందే. కూతురు డెనీస్, అల్లుడు గ్యారెత్ పిల్లలతో వచ్చి ఆవిడతోనే ఉన్నారు. గ్యారెత్ వేల్స్ వాడు, బస్సు నడిపేవాడు. మంచివాడమ్మా, అత్తగారిని చేతుల మీద ఎత్తుకుని స్నానానికి తీసుకెళ్ళేవాడు, ఎవరు చేస్తారు చెప్పు. ఆవిడకి చెయ్యి లేవదు, నోటితో చెబితే లైటు వెలగాలని ఆ మాట వినే స్విచ్చులు తెచ్చాడు. ఊడదీసి చూస్తే, నీకులాగే, రెండే తీగలు. వీడియోలు చూశాడు. స్విచ్చు దగ్గర న్యూట్రలు లేనప్పుడు ఆ చిన్న డబ్బాని పైన లైటు మూతలోనే పెట్టెయ్యొచ్చని అందులో చెప్పారుట. అది నిజమే. అత్తగారి గది చీకటి చెయ్యడం ఎందుకని ముందు మెట్ల లైటు మొదలెట్టాడు. కింది అంతస్తు ఫ్యూజు తీస్తే మెట్ల లైటు ఆరింది. ఆరితే కరెంటు లేనట్టే కదా, నువ్వైనా నేనైనా అదే అనుకుంటాం. నిచ్చెనెక్కి మూత విప్పి ఆ తిరిగి వెళ్ళే న్యూట్రలు తీగలు విడదీశాడు. నేను ఇక్కడ బంగాళాదుంపలు చెక్కుతున్నాను. ఒక అరుపు, ఆ వెంటనే బీరువా దొర్లినట్టు మెట్లమీంచి కింద దాకా చప్పుడు. షాకు కొట్టి పడ్డాడు, భుజం నుజ్జయింది. ప్రాణం దక్కింది గానీ ఆ చెయ్యి మళ్ళీ పెద్ద స్టీరింగు తిప్పలేదు. డిపోలో ఏదో కుర్చీ పని ఇచ్చారు.

డెనీస్ రేమండ్ని పిలిచింది. ఆయనకి అప్పటికే ఎనభై దాటాయి. తనే నిచ్చెనెక్కాడు, చూశాడు, ఏదో చేసి దిగాడు. నేను గుమ్మంలోనే ఉన్నా. "మా ఆయన మీ పనంతా చెడగొట్టాడా మిస్టర్ ఆక్‌రాయిడ్?" అంది డెనీస్. ఆయన రుమాలుతో చేతులు తుడుచుకున్నాడు. తల ఊపాడు. ఔనన్నట్టు, అంతే. నేనప్పుడు ఏమీ అనుకోలేదు సుమా.

ఇక స్టాన్లీవాళ్ళు బీరు తాగే క్లబ్బులో చూడాలి! "ఫోన్లో చదువుకున్న ఇంజనీరుగారు ఎగిరి పడ్డారుట." "గ్యారెత్, మా ఇంట్లో కెటిల్ పాడైంది, వస్తావా? అంబులెన్సు నేను పిలుస్తాలే." రేమండ్ కనబడితే చాలు, "ఇన్నేళ్ళలో నీ వైరింగు ఒక్కడికీ చీమ కుట్టినంతైనా చెయ్యలేదు రే" అని బీరు ఇప్పించేవాళ్ళు. తాగేవాడు. స్టాన్లీ ఇంటికొచ్చి చెప్పేవాడు, "రే ఈమధ్య గ్లాసులోకి చూస్తూ తాగుతున్నాడు, మనిషి మొహం చూడ్డం లేదు" అని. ఇంట్లో డెనీస్ గ్యారెత్‌ని అనే మాటలు ఈ గోడలోంచి నాకు వినపడేవి. బల్బు మార్చబోయినా, "నువ్వాగు నాయనా, రెండో భుజమైనా మిగలనీ" అనేది. పిల్లల ముందే.

ఆ చలికాలం పోతూండగా గ్యారెత్ రేమండ్ ఇంటికెళ్ళాడు. క్షమాపణ చెప్పడానికమ్మా! చేతిని మెడకి వేలాడే కట్టులో పెట్టుకుని, కొత్త చొక్కా వేసుకుని, "మీరంత శ్రద్ధగా చేసిన పనిలో తెలీకుండా వేలు పెట్టాను మిస్టర్ ఆక్‌రాయిడ్, తప్పయింది" అన్నాడుట. రేమండ్ తలుపు పట్టుకుని, "పర్లేదులే" అన్నాడుట. అనేసి, అతను మలుపు తిరిగాక కోటు వేసుకుని తిన్నగా మా ఇంటికొచ్చాడు. ఆ కుర్చీలోనే. టీ ఇస్తే ముట్టకుండా పక్కన పెట్టేశాడు. "మార్జరీ, ఆ మెట్ల లైటుకి కరెంటు కింది అంతస్తు ఫ్యూజు నుంచి తెచ్చాను, తిరిగి వెళ్ళే తీగ పై గదులది కలిపేశాను. రెండూ ఒకే ఫ్యూజువి అయుండాలి. నోరీన్ గదిలో లైటు వెలుగుతూనే ఉంది, ఆ కరెంటంతా ఆ తీగలోంచే పోతోంది. వాడు దాన్ని విడదీశాడు, ఇంక పోవడానికి వాడే దొరికాడు దానికి. వాడు ఫ్యూజు సరిగ్గానే తీశాడు. సరిగ్గా చెయ్యనివాణ్ణి నేను." అలా ఎందుకు చేశావు రే అన్నా. "సరిగ్గా చెయ్యాలంటే పలకలెత్తాలి, గోడ కొట్టాలి. అవతల తమ ఇల్లెప్పుడని పక్కింటివాళ్ళు తొందరపెడుతున్నారు." అప్పట్లో అందరూ అలాగే చేసేవాళ్ళు కదా అని సర్దబోయాను. "అందరూ ఈ వీధిలో చెయ్యలేదు. నేనే చేశాను. ప్రతీ ఇంట్లో."

మర్నాటి నుంచి ఇంటింటికీ తిరిగాడు, గ్యారెత్ ఊసెత్తకుండా, మీ మెట్ల లైటు తప్పుగా వేశాను, సరిచేయిస్తాను అంటూ. టై కట్టుకునే. ఒకరు నవ్వారు, ఒకరు నోటికొచ్చినట్టు తిట్టారు, చర్చి పక్కింటావిడ బిస్కట్లు పెట్టింది. ఒప్పుకున్నవాళ్ళ ఇళ్ళల్లో మనిషిని పెట్టి సరిచేయించాడు. నువ్వుంటున్న ఇంట్లో అప్పుడున్న ముసలాయన మాత్రం తలుపు తియ్యలేదు, అందుకే ఇంత చెప్పుకొస్తున్నాను, ఒక ఫ్యూజు తీసి ఊరుకోకు, మెయినంతా ఆపు, తెలిసినవాణ్ణి పిలు. ఇంతకీ, అన్ని ఇళ్ళూ అయ్యాయి. "మరి మా పక్కిల్లో?" అన్నాను. బూట్లకేసి చూసుకున్నాడు. "వెళతాను" అన్నాడు. వారం గడిచింది.

ఓ ఆదివారం వెళ్ళాడు. ఈ వీధిలో గోడల సంగతి నీకు తెలుసుగా, అటు దగ్గితే ఇటు మనం తల తిప్పుతాం. నేను చెవి పెట్టలేదమ్మా, దేవుడి సాక్షిగా, కెటిల్లో నీళ్ళు పడుతున్నా. గ్యారెత్‌కే చెప్పాడు ముందు, చిన్నగా. తరవాత గ్యారెత్ గొంతు: "నేను మీ ఇంటికొచ్చిన రోజు మీకిది తెలుసా?" "తెలుసు." "తెలిసి పర్లేదులే అన్నారా?" "అన్నాను." కుర్చీ జరిపి లేచినట్టున్నాడు గ్యారెత్. "అయితే డెనీస్‌కి చెప్పండి. నేను చెబితే నమ్మదు." వంటింట్లోకి వెళ్ళారు. అక్కడా చెప్పాడు. పంపు కింద డెనీస్ గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగలేదు. ఆగాక అంది, "నన్నెందుకు తల ఊపి నమ్మించారు? ఇన్నాళ్ళూ నేను నా మొగుణ్ణి..." అని, గిన్నె ఠకాలున బల్ల మీద పెట్టింది. "మా అమ్మ కూడా మా ఆయన్నే అంటోంది. మా అమ్మకి చెప్పండి" అంది. ఆయన మోకాళ్ళకి మెట్లెక్కే ఓపిక ఆ రోజు లేదు. "కిందనుంచే చెప్పండి. ఆవిడకి వినపడదు, గట్టిగా చెప్పండి" అంది డెనీస్.

మెట్ల కింద నిలబడి అరిచాడమ్మా. రేమండ్ ఆక్‌రాయిడ్ గొంతెత్తి మాట్లాడగా నేను జన్మలో వినలేదు. "నోరీన్! అది నా తప్పు! గ్యారెత్‌ది కాదు! ఆ లైటు నేను తప్పుగా వేశాను!" వీధిలో నడిచేవాళ్ళు కూడా ఆగి ఉంటారు. కెటిల్ నిండి నీళ్ళు పొర్లుతున్నా పంపు కట్టాలని తోచలేదు నాకు. పైనుంచి నోరీన్, ఆ ముద్ద మాటల్తో, "ఎవరూ?" అంది.

"రేమండ్ని" అన్నాడు. "మీ ఇంటికి వైరింగు చేసిన రేమండ్ని." అని మళ్ళీ మొదట్నించీ...

వాన పట్టేట్టుంది. నీ దుప్పట్లు తీగ మీదున్నాయేమో, వెళ్ళి చూసుకో.