పొద్దున నేను, సాయంత్రం బావ

ఫిబ్రవరి పదహారు, సోమవారం. పొద్దున్నుంచీ మబ్బు. చినుకు పడలేదు, గాలీ లేదు. అక్కడినుంచి చెబితే తప్ప మీ ప్రశ్నకు జవాబు రాదమ్మా. ఎన్నాళ్లకోసారి నీళ్లు పోశారు అని అడుగుతారు. వారానికోసారి, రెండుసార్లు అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా?

మీ నర్సరీకి అందరూ ఓ ఆకు పట్టుకుని వస్తారేమో. నేను కుండీతో సహా మోసుకొచ్చాను. మోకాళ్లు పట్టేశాయి. ఆ స్టూలు మీద కూర్చోవచ్చా? సరే.

ఇది స్నేక్ ప్లాంట్. మా అక్కది. అక్క ఫిబ్రవరి పద్నాలుగున పోయింది. ఆమె పెంచిన కుండీలు ఇరవై మూడు. ఇరవై రెండు చచ్చిపోయాయి. మిగిలింది ఇదే. ఇది బతుకుతుందా లేదా, మీరు చెప్పాలి. అందుకే వచ్చాను.

ఆ పదహారో తేదీ పొద్దున లేచి మొదటిసారి నేను నీళ్లు పోశాను. కొలిచి పోశాను. తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్లు చేసిన చెయ్యి, ఊరుకోదు కదా. కుండీకి పావు లీటరు. మందారానికీ అంతే, కలబందకీ అంతే.

నవ్వకండి. ఉద్యోగానికి ముందు కాలేజీలో నేను చదివింది వృక్షశాస్త్రం. వేరుకు కూడా ఊపిరాడాలని, మట్టిలో గాలి లేకపోతే వేరు చస్తుందని పరీక్షలో బొమ్మ గీసి మరీ రాశాను. మా లెక్చరరు ఆ బొమ్మను క్లాసంతా తిప్పి చూపించాడు. ఆయనకు ముక్కుపొడుం అలవాటు, కాగితం నిండా... సరే, వదిలేయండి.

అక్క ఎలా పోసేదంటారా? తేదీలూ లేవు, కొలతలూ లేవు. మట్టిలోకి వేలు రెండో కణుపు దాకా దించేది. పొడిగా తగిలితే పోసేది, తడి తగిలితే పక్క కుండీకి వెళ్లిపోయేది. పెరట్లో మందారాలకు ఎండాకాలం రోజూ. హాల్లో ఫెర్నుకు రెండు రోజులకోసారి. దీనికి మూడు వారాలకోసారి. వానల్లో అయితే దీని వంక చూసేదే కాదు.

తెలుసమ్మా. అన్నీ తెలుసు. తెలియక చంపలేదు.

ఆ ఇంట్లో ముగ్గురం. కింద అక్కా బావా, మేడ మీద గదిలో నేను. బావకూ నాకూ తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. ఎందుకంటే ఏం చెప్పను? ఒకరోజు ట్యాంకు నిండి పొంగింది. కింద గోడంతా నాని పెచ్చులూడింది. మోటారు కట్టెయ్యనిది నువ్వంటే నువ్వని. ఆయన పోస్టుమాస్టరుగా చేసిన మనిషి, తప్పు తనదని ఒప్పుకోవడం పుట్టి బుద్ధెరగడు. నేనూ అంతే అనుకోండి.

అప్పటినుంచి మధ్యలో అక్క. ఆయన నా ఎదురుగానే కూర్చుని, పేపరు ఇటివ్వమని మీ తమ్ముడితో చెప్పు అనేవాడు. పేపరు ఇమ్మంటున్నార్రా అనేది అక్క. ఇంకా సగం చదవలేదని చెప్పు అనేవాణ్ణి నేను. పోస్టుమాస్టరు ఆయన, టపా మోసింది అక్క.

ఆమె పోయాక, మొక్కలకు నీళ్లు పోశానని ఒకరికొకరం చెప్పుకునేదెలా?

పొద్దున ఆరింటికి నేను. సాయంత్రం ఐదింటికి బావ.

మూడు వారాలకు ఆకులు వాలిపోయాయి. వాలితే దాహమనుకుంటాం కదా. ఆయన ఇంకో చెంబు, నేను ఇంకో గ్లాసు. ముందు కలబంద గుజ్జయిపోయింది. తర్వాత మనీ ప్లాంట్. ఏప్రిల్లో ఒక్క వారంలో ఏడు పోయాయి. నేను పొద్దున ఖాళీ కుండీలు తీసుకెళ్లి గోడవార బోర్లించేవాణ్ణి. సాయంత్రానికి ఆయన వాటిని వరసగా సర్దేవాడు.

అడుగునంతా కుళ్లిందా? ఊఁ. నాకు వాసన ఎప్పుడో తెలిసింది. పైన గట్టిగా ఉన్న ఆకును ముక్కలు కోసి, ఆరబెట్టి, పొడి ఇసుకమట్టిలో పెడితే వేళ్లు రావచ్చంటారా. నెలలు పడుతుందా. సరే, కొయ్యండి.

పాపం తెలియక ఇద్దరూ పోశారు అంటున్నారు చూడండి, అది మాత్రం అనకండి.

నాకు రెండో రోజే తెలిసింది. వేలు దించాను, తడి. అయినా పోశాను. నేను ఆపేస్తే అక్క మొక్కల్ని బతికించినవాడు ఆయనే అవుతాడు. అది నేను పడలేను. ఓ సాయంత్రం మేడ మీంచి చూశాను. ఆయనా వేలు దించాడు. బురద చొక్కాకు తుడుచుకుని చెంబు ఒంచాడు. "పొద్దున పోశాను, ఇవాళ వద్దు బావా" అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. కిటికీ మూసుకున్నాను.

బాధా? ఏమో. బాధపడదామని కూర్చుంటే మోకాళ్ల నొప్పి గుర్తొస్తుంది.

ఇంట్లో చూసుకునేవాళ్లు ఇంకెవరూ లేరా అంటే, ఉంది. అక్క కూతురు. వేరే ఊళ్లో కాపురం. మొక్కల దగ్గర అచ్చం వాళ్లమ్మే.

అక్క అరపేజీ కాగితం రాసిపెట్టింది. ఇల్లు బావకు. మేడ మీద గది నేనున్నన్నాళ్లూ నాకు. కుట్టుమిషను బావ చెల్లెలికి, ఆవిడ ఆ వారమే పట్టుకెళ్లింది. కుండీలు ఇరవై మూడూ బావకూ నాకూ కలిపి. ఎందుకలా రాసిందో ఇద్దరికీ తెలుసు. ఆఖర్న ఒక ముక్క: అమ్మాయి ఏదడిగితే అది ఇవ్వండి.

కర్మలకు వచ్చినప్పుడు, మొక్కలింకా పచ్చగా ఉండగానే, అమ్మాయి నాలుగు కుండీలు అడిగింది. అంతే.

బావ తల అడ్డంగా ఊపాడు. నేనూ ఊపాను. తొమ్మిదేళ్లలో మేమిద్దరం ఒక్క మాట మీద నిలబడింది ఆ ఒక్కసారే.

ఆ పిల్లకు ఏమీ దక్కలేదు. కుండీల కోసం తెచ్చుకున్న సంచీ మడత విప్పకుండానే బస్సెక్కింది.