అత్తగారి క్రేనుకు అల్లుడి తనిఖీ

షెడ్డులో నిచ్చెన ముందు తనిఖీకి వచ్చిన అల్లుడు, నిచ్చెనకు అడ్డంగా క్రేను నడిపే అత్తగారు. ఆవిడ చొక్కా జేబులో ఫోను ఆన్‌లోనే ఉంది, అవతల మేనేజరు. ఇంటి పంచాయితీ, ఆఫీసు పంచాయితీ ఒకే చోట తగులుకుంటే ఎలా ఉంటుందో ఆ అల్లుడికి ఇంకా తెలియదు పాపం.

“అందుకే చెబుతున్నా, పైకి ఎక్కొద్దు అల్లుడు గారూ. ఇక్కణ్ణుంచే చూసుకోండి. మీరు ఎక్కడికెళ్ళినా కిందనుంచే చూస్తారటగా!”

“ఎవరన్నారు?”

“ఇంకెవరు, మా అమ్మాయి.”

“అదీ... మంచి దుర్భిణి ఉంటే సగం క్రేన్లకు పైకెక్కే పనే ఉండదత్తయ్యా.”

“నేననేదీ అదే. సగం ఎందుకు, మొత్తం మానేయండి. కొక్కెం చూశారా?”

“చూశాను. బాగుంది.”

“తాడు చూశారా?”

“కిందకు దించినంత వరకు చూశాను. ఎక్కడా పోగులు తెగలేదు. పైన డ్రమ్ము మీద ఉన్నది కూడా...”

“పైన ఉన్నదీ అదే తాడు నాయనా. కిందకొకటి, పైకొకటి వేయరు.”

“హలో! ఇన్‌స్పెక్టర్ గారూ, మేనేజర్ని. అంతా బాగానే ఉన్నట్టేగా? భోజనాలు కాగానే ట్యాంకు లేపాలి. మీరు సంతకం పడేస్తే...”

“ఇదేంటత్తయ్యా, ఫోను స్పీకర్లో ఉందా?”

“తనిఖీ అయ్యేదాకా కట్ చేయొద్దని సార్ ఆర్డరు. మీరు తుమ్మినా ఆయనకు వినపడాలి.”

“అంత శ్రద్ధ ఉంటే ఆయనే ఇక్కడికి రావచ్చుగా!”

“బూట్లకు గ్రీజు అంటుతుందని రారు.”

“వినపడుతోంది క్రేనమ్మా!”

“మంచిది సార్. ఫోను బాగా పనిచేస్తోందన్నమాట.”

“అత్తయ్యా, కొంచెం తప్పుకోండి. డ్రమ్ము, బ్రేకు, స్విచ్చులు పైనే ఉన్నాయి. అవి చూడకుండా సంతకం పెట్టను.”

“అయ్యయ్యో, వద్దు బాబూ. మీకెందుకా కష్టం? ముఖం చూడండి, ఇప్పుడే ఎలా పాలిపోయిందో.”

“నేను భయపడుతున్నాననేగా మీ ఉద్దేశం?”

“ఛ, ఛ! భయమని నేనన్నానా? ఇంట్లో బల్బు మార్చాలంటే స్టూలు ఎక్కేది మా అమ్మాయి, కింద నిలబడి స్టూలు పట్టుకునేది మీరు. ఎవరి పద్ధతి వాళ్ళది.”

“తప్పుకోండి.”

“నా మాట వినండి...”

“తప్పుకోండత్తయ్యా! మెయిన్ స్విచ్చు ఆపారా?”

“ఆపి, తాళం వేసి, తాళంచెవి గొలుసుకు గుచ్చుకున్నాను. ఇదిగో. నేను పైన ఉండగా ఎవరూ క్రేను కదపలేరు. కానీ మీరు ఎక్కొద్దు. పోనీ, ఎక్కితే ఎక్కారు గానీ, ముందు నేనెక్కుతాను, నా వెనకే గట్టిగా పట్టుకుని రండి. ఒక చెయ్యి వదిలాక రెండోది, అలా.”

“తెలుసు. రోజూ నలుగురికి చెప్పేది నేనే.”

“చెప్పడం వేరు లెండి... కళ్ళు మూసుకున్నారా?”

“దుమ్ము పడుతోంది.”

“నా కళ్ళలో పడట్లేదే!”

“మీకు అలవాటు.”

“కళ్ళు మూసుకుంటే నిచ్చెన పొట్టిదవదు బాబూ. ఆగారేం? దిగిపోతారా? దిగిపోండి, ఎవరూ ఏమీ అనుకోరు.”

“దిగను.”

“మీ ఇష్టం. నేనైతే వద్దనే చెప్పాను. సార్, మీరు విన్నారుగా?”

“విన్నాను, విన్నాను. గట్టిగా చెప్పమ్మా, ఆయన్ని దించు!”

“కింద మామయ్య ఎందుకు చెయ్యి ఊపుతున్నారత్తయ్యా?”

“కిందకెందుకు చూశారు? కొక్కేనికి బరువులు తగిలించే మనిషి, పైకి వెళ్ళేది ఏది కనపడినా చెయ్యి ఊపుతారు. ఇంట్లో నేను అటక ఎక్కినా అంతే. అదిగో, వచ్చేశారు. కాలు ఇటు వేయండి. రెయిలింగు పట్టుకోండి.”

“పట్టుకున్నాను.”

“అది నా చెయ్యి.”

“ఓ.”

“పర్లేదు, ఉంచుకోండి. ఊపిరి పీల్చుకోండి.”

“ఊఁ... ఇది బ్రేకు. బాగుంది. డ్రమ్ము మీద చుట్లు సరిగ్గా పడ్డాయి. బోల్టులు బిగువుగానే ఉన్నాయి.”

“అయిపోయిందిగా! ఇక దిగుదాం. ఆ మూలకు మాత్రం పోకండి.”

“ఏ మూల?”

“అదే, పసుపుపచ్చ తువ్వాలు ఉన్న మూల.”

“ఏ తువ్వాలు?”

“కనపడలేదా? బతికాం. మోటారు పక్కన, ఎడమ చేతివైపు, మోకాలెత్తున ఉంది చూడండి, అది. అటు చూడకండి.”

“క్రేనమ్మా! ఇప్పుడు తువ్వాలు గొడవ ఎందుకు?”

“నేను మొత్తుకునేదీ అదే సార్! చూడొద్దనే చెబుతున్నాను!”

“ఇది ఇక్కడెందుకు కట్టారు?”

“కట్టలేదు, ఆరేశాను. నేను ముఖం తుడుచుకునేది.”

“ఇక్కడా ఆరేసేది?”

“ఎండ బాగా తగులుతుంది.”

“షెడ్డు లోపల ఎండేంటి అత్తయ్యా!”

“ఎండంటే... వేడి. మోటారు వేడి.”

“మోటారు ఆగి ఉందిగా?”

“అందుకేగా ఇంకా ఆరలేదు! ముట్టుకోకండి, తడిగా ఉంది!”

“పొడిగానే ఉంది.”

“అయ్యో, తీసేశారా? సార్, తీసేశారు!”

“అత్తయ్యా.”

“ఊఁ.”

“ఈ తీగేంటి?”

“ఏ తీగ?”

“లిమిట్ స్విచ్చు చెయ్యి కదలకుండా తీగతో కట్టేసి ఉంది.”

“గాలికి చుట్టుకుందేమో.”

“గాలి వచ్చి మూడు చుట్లు చుట్టి, ముడేసి, కొసను కటింగ్ ప్లేయరుతో మెలిపెట్టి పోయిందా?”

“ఈ మధ్య గాలులకు కూడా తెలివి మీరింది బాబూ.”

“నవ్వులాట కాదత్తయ్యా! కొక్కెం హద్దు దాటి పైకొస్తే మోటారును దానంతటది ఆపేది ఈ స్విచ్చే. దీన్ని కట్టేస్తే కొక్కెం వచ్చి డ్రమ్ముకు గుద్దుకుంటుంది. తాడు తెగుతుంది. ట్యాంకు కిందకొస్తుంది. ఆ ట్యాంకు దగ్గర ఎవరుంటారు?”

“మీ మామయ్య. ఇంకో ఇద్దరు ముగ్గురు.”

“బరువు కింద ఎవరూ ఉండకూడదు కదా!”

“కింద ఉండరు, పక్కన ఉంటారు. పడే ట్యాంకు కింద ఎవరు, పక్కన ఎవరు అని అడిగి పడుతుందా ఏమిటి?”

“ఇన్‌స్పెక్టర్ గారూ, ఇన్‌స్పెక్టర్ గారూ, ఒక్క మాట. అది తాత్కాలికం. కొత్త మిషను మీదుగా ట్యాంకు దాటించాలి. స్విచ్చు ఆపేసే చోట అరడుగు తక్కువవుతోంది. ఒక్కసారి దాటిస్తే విప్పేస్తాం. ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి, కళ్ళతో చూసి ఆపేస్తుంది.”

“మిషను మీద రేకు కప్పు విప్పి దాటించొచ్చుగా?”

“దానికి రెండు రోజులు పడుతుందండీ.”

“సార్ చెప్పింది నిజమే బాబూ. నేనూ ‘ఇలా కట్టడం బాగుంటుందా సార్’ అని అడిగి, సార్ బాగుంటుందన్నాకే ఊరుకున్నాను.”

“ఎవరు బాగుంటుందన్నారు?”

“అయ్యో!”

“క్రేనమ్మా!”

“నోరు జారింది సార్. అల్లుడు గారూ, సార్ కట్టలేదు. సార్‌ను ఏమీ అనకండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి కట్టమన్నారు, అంతే. ఈ తీగకీ సార్‌కీ ఇంకే సంబంధమూ లేదు.”

“నువ్వు కాసేపు నోరు మూసుకోమ్మా! ఇన్‌స్పెక్టర్ గారూ, మనలో మన మాట. మీ ఆఫీసుకు ఫోన్ చేసి మరీ మిమ్మల్నే పంపమన్నాను, ఎందుకంటారు? ఇంటి మనిషి కదా, చూసీచూడనట్టు పోతారని. క్రేను ఆగిపోతే మీ అత్తగారిని ఏం చేయమంటారు? ఇదివరకున్న ఆపరేటరు ఇలాగే పేచీ పెట్టాడు. ఇప్పుడు గేటు దగ్గర లారీలకు గొలుసు తీస్తున్నాడు.”

“విన్నారుగా బాబూ? రాయకండి. ఇన్నేళ్ళూ ఇక్కడ పైన కూర్చున్న దాన్ని, ఇప్పుడు గేటు దగ్గర గొలుసు పట్టుకోమంటారా?”

“అత్తయ్యా...”

“ఎంత, జానెడు తీగ ముక్క. చూడనట్టు దిగిపోండి. మీకు దణ్ణం పెడతాను. అల్లుడు కదాని మిమ్మల్ని ఇంతవరకు ఒక్క పని అడగలేదు.”

“పోయిన ఆదివారమేగా మిక్సీ బాగు చేయమన్నారు?”

“చేశారా?”

“లేదు.”

“మరి అడిగి లాభమేంటి! ఇదొక్కటీ వినండి.”

“వినను. రాస్తున్నాను. ‘ఈ క్రేను వాడరాదు.’ మెయిన్‌కు మీ తాళం పక్కన నా తాళం కూడా పడుతుంది. ఈ తీగ విప్పి, స్విచ్చు పనిచేస్తోందని నా కళ్ళముందు చూపించేదాకా తీయను.”

“పిల్లనిచ్చినందుకు ఇదా నాకు మర్యాద?”

“తిట్టండి. మాట్లాడటం మానేయండి. మీ ఇంటి గుమ్మం తొక్కొద్దనండి. మామయ్య తలమీద ఆ ట్యాంకును మీచేత లేపించి, ఆ సంతకంతో ఇంటికెళ్ళి మీ అమ్మాయి ముఖం నేను చూడలేను. నాకు ఇంత ఎత్తంటే భయమేనత్తయ్యా, అవును. కానీ ఈ తీగను చూస్తే అంతకంటే ఎక్కువ భయమేస్తోంది.”

“ఇన్‌స్పెక్టర్ గారూ! తొందరపడకండి! క్రేనమ్మా, నువ్వు చెప్పు!”

“ఇంకా ఎలా చెప్పను సార్? బతిమాలాను, దణ్ణం పెడతానన్నాను, బంధుత్వం ఎత్తాను. అన్నీ మీ చెవులతో విన్నారు. రాసేశాడు సార్! సంతకం కూడా అయిపోయింది! అల్లుడని నెత్తిన పెట్టుకుంటే నా కొంపే కూల్చాడు!”

“సరే, సరే, ఏడవకు. నీ తప్పేముంది.”

“నన్ను గేటు దగ్గరకు పంపుతారా సార్?”

“నిన్నెందుకు పంపుతాను? నువ్వు చేయగలిగిందంతా చేశావు. ఆ మొండిఘటం వినకపోతే నువ్వేం చేస్తావు! ఎలక్ట్రీషియన్‌ని పంపిస్తున్నా, ఆ దరిద్రం విప్పించు. రేకు కప్పే విప్పుకుందాం, ఏం చేస్తాం!”

“మీ మంచితనం సార్. ఉంటాను సార్.”

“మొండిఘటం అన్నది నన్నేనా?”

“మిమ్మల్నే. ఆగండి, కట్ అయిందో లేదో చూడనివ్వండి... అయింది. హమ్మయ్య! జరగండి, కొంచెం కూర్చోనివ్వండి.”

“ఏడవకండత్తయ్యా. నాకూ బాధగానే ఉంది. కానీ నేను...”

“ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియట్లేదు నాయనా. వారం నుంచి కంటిమీద కునుకు లేదు. నేను లివరు లాగిన ప్రతిసారీ ఆయన తలెత్తి నావైపు చూసి నవ్వుతారు. ఈ తీగ సంగతి ఆయనకు తెలియదు. చెబితే మేనేజరు గల్లా పట్టుకుని, ఉద్యోగం ఊడగొట్టుకుని ఇంటికొస్తారు. పోనీ నేను కాదంటే నన్ను దించి, నిన్నగాక మొన్న నేర్చుకున్న వాడిని ఎక్కిస్తారు. పైన మనిషి మారతాడు గానీ కింద ఆ నవ్వే మనిషి ఆయనే కదా!”

“మరి నాకు ఇంట్లో ఒక్క మాట చెప్పొచ్చుగా?”

“చెబితే? అత్త చెప్పింది, అల్లుడు రాశాడనేవాళ్ళు. రేపట్నుంచి నేను గేటు దగ్గరే. పైగా మీరు కిందనుంచి ఆ దుర్భిణిలో చూసి, ‘నాకేం కనపడలేదత్తయ్యా’ అని ఇంటికొచ్చేవారు.”

“ఉండండి, ఉండండి. అయితే ఆ తువ్వాలు...?”

“కొత్తది. కొట్లో ఉన్నవాటిలో కళ్ళు పొడిచే రంగు ఏరి తెచ్చాను. అయినా మీకు కనపడలేదు, చెయ్యి పెట్టి చూపించాల్సొచ్చింది.”

“పైకి ఎక్కొద్దు ఎక్కొద్దని నిచ్చెనకు అడ్డం నిలబడింది?”

“ఎక్కమంటే ఎక్కేవారా?”

“... ఎక్కేవాణ్ణి కాదు.”

“రాయొద్దని బతిమాలితేగా అంత గట్టిగా రాశారు!”

“అంటే, వద్దన్న పనే నేను చేస్తానని... ఎప్పట్నుంచి తెలుసత్తయ్యా మీకు?”

“మా అమ్మాయిని మీకు ఛస్తే ఇవ్వనని గుమ్మంలో నిలబడి వీధి వీధంతా వినేలా అరిచింది మరెందుకనుకున్నారు?”