పొట్టేలు మెడల ఫోను

మా ముసలాయన లేడూ, పేరు నా నోట రాదు, గొర్లాయన అనుకో, ఆయనకు ఎండకాలం అడివి ఆఫీసోళ్లు మంటల కావలి పనిచ్చిండ్రు. కావలోళ్లు నలుగురు, పైన బీటు సారు. తలా ఒక ఫోను. ఇటుకపెల్ల లెక్క ఉంటది, బండ మీద కొట్టినా పలగది, నీళ్లల్ల ఏసినా సావది. ఒకలు బటన్ నొక్కి మాట్లాడితే కడమోళ్ల ఫోన్లు వాటంతటవే మాట్లాడ్తయ్, ఎత్తే పనే లేదు. ఇది తప్పిపోవద్దు, పాణం లెక్క సూస్కోండ్రి అన్నడంట సారు. ఈయన మొలతాడుకు కడితే ధోతి జారవట్టె. నా మందల ఎన్నడు తప్పిపోనిది ఎవలు, కర్రె పొట్టేలు, అని గంట ఇప్పి దాని మెడకే కట్టిండు. నవ్వకు, నిజం.

ఏమైందంటే, ఓనాడు మందను గుట్ట మీద ఇడిసి, లచ్చవ్వ అని ఇంకో కావలామె, గుట్ట కింద ఆమె మంచె కాడికి అంబలి తాగుదామని పోయిండు. పోయిండో లేదో, నడుమ ఎండుగడ్డి అంటుకుంది అనుకో. గొర్లు పైన, మంట కింద. పొగల ఈయనకు ఏం కానరాదు. మా ఇంటికి ఉన్నదంతా ఆ అరవై గొర్లే బిడ్డా. లచ్చవ్వ ఫోను గుంజుకొని, బటన్ నొక్కి, దగ్గరికి రమ్మనే పిలుపు పిలిచిండంట. లచ్చవ్వ మంచె మీదికెల్లి సూసి, "మామా, పొట్టేలు గుండ్రంగ తిరుగుతాంది. నిన్ను దాని మెడ కింద ఎత్కుతాంది" అన్నది. ఆయన గొంతు దాని మెడల్నే ఉండె గద, ఇగ యాడికి పోతది. మళ్ల పిలిచె, మళ్ల తిరిగె. మందంతా తిరిగె. మంటేమో ఎక్కుతాంది.

అప్పుడు యాదికొచ్చిందంట నీళ్ల పిలుపు. మా గొర్లోళ్లల్ల నీళ్ల పిలుపు ఉత్తగ పిలవరు. నీళ్లకు తోల్కపోయేటప్పుడే పిలవాలె. ఒక్కపాలి అబద్ధం పిలిస్తే జీవం మళ్ల నమ్మదు. ఆ పిలుపు ఇంటే గొర్రె మనిషిని సూడదు, వాగు తొవ్వనే పడ్తది. వాగు గుట్టకు ఆ దిక్కు, ఎండకాలమైనా మడుగు ఎండది. త్రుయ్... త్రుయ్... హో అన్నడు. పొట్టేలు ఆగిందంట. సెవులు లేపిందంట. గుట్ట అటెనుకకు దిగింది సూడు, దానెనక మంద, పోయి మడుగుల నిలవడ్డయ్.

ఆడ మీటింగుల ఉన్న బీటు సారు జేబుల గూడ అదే త్రుయ్ త్రుయ్ అనుకో. పెద్దసార్లంతా నీళ్ల గ్లాసులు అందుకున్నరని లచ్చవ్వ చెప్తది గని, అది లచ్చవ్వ కల్పిచ్చిందే. సారు ఉరికొచ్చిండు. అందరు పచ్చికొమ్మలతోని కొట్టి మంట ఆర్పినంక, సర్కారు ఫోను గొర్రెకు కడ్తవా అని గద్దించిండంట. ఈయన నిమ్మళంగ, "తప్పిపోవద్దంటిరి గద సారూ. తప్పిపోయిందా?" అన్నడంట.

మొన్న శ్రావణంల పోయిండు మా ముసలాయన. ఆ ఫోను సారు తీస్కపోయిండు. పొట్టేలు ముసల్దైంది, వాకిట్లనే ఉంటది. అగో, ఇప్పుడు నీకు చెప్పుకుంట గీ ఫోన్ల త్రుయ్ అన్న గద, లేచింది. ముందుగాల మెడ కింద సూస్కుంది, ఇప్పుడు వాగు దిక్కు నడుస్తాంది. ఇగ ఆపుతున్న బిడ్డా, దానెంట పోవాలె. నీళ్ల పిలుపు పిలిస్తిని గద.