బొల్లి గొర్రె ముంగాలు

అయిలయ్య వాగుల దుంకిండంట. ఎందుకు దుంకిండంటే, గొర్రె కోసం. గొర్రెలు కాసే కురుమోడు గాకుంటే గొర్రె కోసం ఎవ్వడు దుంకుతడు చెప్పుండ్రి? బొల్లి మొకపు గొర్రె ఒకటి ఉండె ఆయనకు. దాని తల్లి సస్తే సీసతోని పాలు తాపి సాదిండు, బిడ్డ లెక్కనే అనుకో. అది వాగు గట్టు మీద మేసుకుంట మేసుకుంట కాలు జారి కింద బండల మీద పడె. "ఓ బొల్లీ" అని మొత్తుకుంట ఈయన దాని ఎన్కనే దుంకె. ఏమైందంటే, దానికి ముంగాలు, అదే ముందటి కాలు, ఇరిగింది, ఈయనకు మోకాలు కింద బొక్క ఇరిగింది. ఒక్క బండ మీదనే ఇద్దరికి. నవ్వకుండ్రి, ఇది నవ్వే కత కాదు.

ఈ అయిలయ్యకు ఒక అన్న ఉన్నడు, గట్టయ్య. నాయిన సచ్చినంక ఇద్దరు మందను పంచుకున్నరు. కలిపే మేపుతరు గని ఎవని గొర్రెలు వానియే. గుర్తుకు అయిలయ్య గొర్రెలకు ఎడమ చెవు కొస కోసిన్రు, గట్టయ్య గొర్రెలకు కుడి చెవు కొస. ఈ చెవుల ముచ్చట జర యాది పెట్టుకోండ్రి. తమ్ముడు పడ్డడని తెలిసి గట్టయ్యనే ఉరికిపోయి భుజానేసుకొని ఇంటికి తెచ్చిండు. అబద్దమెందుకు, ఆనాడు ఏడ్చిండు గూడనంట. ఆ ఏడుపు నిజమే కావచ్చు.

కట్లు కట్టే పోచయ్య తాతను పిలిచిన్రు. తాత కాలు గుంజి బొక్కను సక్కగ చేసి, మినుప పిండిల కోడిగుడ్డు సొన కలిపి పూసి, ఎదురు బొంగు బద్దలు పెట్టి కట్టిండు. మిగిలిన పిండి, మిగిలిన బద్దలు బొల్లి కాలుకు. మనిషిదైనా జీవాలదైనా బొక్కకు వచ్చిన పని ఒక్కటేరా, అతుకుడు, మనం సక్కగ నిలబెడితే తక్కిన పని అదే చూసుకుంటది అన్నడంట. అతికిన కాడ ముడి లేస్తది, ముడి లేసినంక కాలు కింద పెట్టి జర జర బరువెయ్యాలె, బరువెయ్యకుంటే గట్టివడది అన్నడు. పోయేటప్పుడు ఒక మాట అన్నడు, "గొర్రె కాళ్ల చారు తాపుండ్రి, మంచిది" అని. తాత మంచికే అన్నడు. ఆ మాటనే కొంప ముంచింది.

ఇగ సూడు, గట్టయ్య వారం వారం గొర్రె కాళ్లు పట్టుకొని వచ్చుడు. అయిలయ్య పెండ్లాం నర్సవ్వ ఆ కాళ్లు కాల్చి, గీకి, మిరియాలు ఏసి చారు కాసుడు. "ఎవరి గొర్రె బావా?" అని ఆమె అడిగితే, "ఇంకెవరిది నర్సవ్వా, నాదే. తమ్ముడు పండుకుంటే వాని మంద మీద చెయ్యేస్తనా నేను?" అన్నడంట. కాళ్లే తెచ్చేటోడు గని తలకాయ ఒక్కనాడు గూడ తీసుక రాలే. కూరేమో కులపెద్దల ఇండ్లకు పోయేది. అన్నంటే గట్టయ్య రా, తమ్ముని కాలు కోసం తన మందనే కోస్తున్నడు అని ఊరు ఊరంత మెచ్చుకునుడు. అయిలయ్య అయితే అన్న చేతులు పట్టుకొని, "నీ రుణం ఎట్ల తీర్చుకుంటనే అన్నా" అని ఏడ్చిండంట. నాకు చెప్తుంటేనే కడుపు మండుతది.

కట్టు ఇప్పిన్రు. ముడి లేసింది. ఇగ నడువమని తాత చెప్పిండు. గట్టయ్య ఊకోడు. తాతకు కండ్లు కనవడయిరా, ఇంకా పచ్చిగనే ఉన్నది, కాలు కింద పెట్టినవంటే మళ్ల ఇరుగుతది అని భయపెట్టిండు. "మరి బొల్లి నడుస్తున్నదంటివి గదనే?" అంటే, "దానికి ఇంక మూడు కాళ్లున్నయ్ రా, నీకు ఇంకొక్కటే ఉన్నది" అని నవ్విండంట. నిజమే గదా అనుకున్నడు ఈ పిచ్చోడు. నెలల కొద్ది పండుకొనే ఉన్నడు. పిక్క సన్నగై పుల్ల తీరు అయ్యింది.

ఒక పొద్దు ఏమైందంటే, చారు తాగుకుంట గిన్నెల చెయ్యి పెట్టి బొక్క తీసి సప్పరిస్తున్నడు. నాలుకకు ఏదో తాకింది. తీసి సూసిండు. నడుమల ముడి ఉన్నది. కత్తి దెబ్బ రెండు సార్లు ఆ ముడి మీదనే పడ్డది, గాట్లున్నయ్ గని ఇరుగలేదు, పక్కన కొడితే ఇరిగింది. ఒక చేతిల ఆ బొక్క పట్టుకున్నడు, ఇంకో చెయ్యితోని తన కాలు తడుముకున్నడు. ఇక్కడ ముడి, అక్కడ ముడి. "నర్సవ్వా," అన్నడంట, "ఇది బొల్లి." అనుకుంటనే కక్కిండు. తాగిన చారంత కక్కిండు.

కక్కి లేసిండు. రెండు కాళ్ల మీద లేసిండు. "ఓ అయ్యో, నీ కాలు" అని నర్సవ్వ మొత్తుకుంటనే ఉన్నది, ఈయన ఊరవతలి మంద కాడికి నడిచి పోయిండు. పిక్క వణికింది గని బొక్క వంగలే. మందల పడి ఒక్కొక్క గొర్రె చెవు పట్టి సూసిండు. కుడి చెవు కోత, కుడి చెవు కోత, మళ్ల కుడి చెవు కోతనే. ఎడమ చెవు కోత ఒక్కటి లేదు. గట్టయ్య ఎదురుంగ నిలబడి ఏమన్నడనుకున్నరు? "చూసినవా తమ్మీ, నా చారుతోనే నిలబడ్డవ్!" అన్నడు. సిగ్గు లేని నోరు.

పంచాయితి పెట్టిండు అయిలయ్య. ఆ బొక్కను పెద్దల నడుమల పెట్టి, ఇది ఎవరి గొర్రె, ఎవరి మాట మీద కోసిన్రు, నా మంద నాకు ఇప్పియ్యుండ్రి అన్నడు. పెద్దలు దాన్ని సూడలే. ఎట్ల సూస్తరు, ఆ కూర తిన్న మూతులేనాయె. ఒకాయన మీసం తుడుసుకొని, "మంద పోతే పోయింది, కాలు నిలబెట్టిండు గద మీ అన్న, ఇంకేం గావాలె నీకు?" అన్నడంట. తీర్పు అయిపోయింది, లేసి పోయిన్రు.

అయిలయ్య ఇప్పుడు పక్కూరి పటేలు గొర్రెల ఎంబడి జీతం ఉంటున్నడు. కాలుకు ఏం కాలే, గుట్టలెక్కుతడు, ఉరుకుతడు. ఇరిగి అతికిన బొక్క మబ్బు పడితే గుంజుతదంటరు గదా, ఈయనకు వానల గుంజదంట, సలికి గుంజదంట. అన్న ఇంటి ముంగటి కెల్లి పోయినప్పుడే గుంజుతదంట. ఏ మందు పుయ్యాలె తాతా అని పోచయ్యను అడిగితే, ఆ బాట పోవుడు బందు చెయ్ కొడుకా అన్నడంట. బందు చేసిండు. ఇగ లేవుండ్రి, పొద్దు పోయింది. ఎవలింట్ల చారు కాస్తున్నరో గని, తలకాయ సూసినంకనే తాగుండ్రి.