కుళ్ళాయప్ప గారు చదివిన పొట్లం కాగితాలు

1952 ఆగస్టు నాలుగవ తేదీన మన కార్యాలయపు రికార్డు గదిలో సహాయకులుగా చేరిన శ్రీ కుళ్ళాయప్ప గారు, దాదాపు ముప్పై ఆరేళ్ళ నిష్కళంక సేవానంతరం ఈ జూన్ ముప్పైన పదవీ విరమణ చేయుచున్నారు. సంతోషించవలసిన ఈ శుభవేళ నాకు మాత్రం గుండె దడగా ఉంది.

చదవనిదే ఏ కాగితాన్నీ చిత్తుకు పంపరాదన్నది రికార్డు గదిలో వారు పెట్టుకున్న నియమం. తరువాత మడకశిరలో గుమాస్తాగా కన్నడం నేర్చి రైతుల అర్జీలు స్వయంగా రాసిపెట్టారు. డెబ్బయ్యవ దశకమంతా కరువు సహాయ విభాగంలో శ్రమించారు. 1985లో కంప్యూటరు వచ్చినప్పుడు మేమందరం జంకుతుండగా, యాభై ఐదేళ్ళ వయసులో వారే ముందుగా దాని ఎదుట కూర్చున్నారు.

1987 కరువులో ముదిగుబ్బ ప్రాంతంలో సహాయపు బియ్యం అందవలసిన ఇళ్ళ జాబితా ఆ యంత్రంలోనే ఉండేది. దానిని తెరవడానికి పాస్‌వర్డు కావాలి. మనం కొట్టే ప్రతి ఆదేశమూ కాగితపు చుట్టపై అచ్చవుతుంది. యంత్రం అడిగినప్పుడు కొట్టిన పాస్‌వర్డు అచ్చు పడదు. ఆదేశంతో కలిపి కొడితే పడుతుంది. పని త్వరగా తెమలాలని కలిపి కొట్టిన ఘనుడు ఒకడున్నాడు. ఆ చుట్టలను రికార్డులుగా ఎవరూ తలచనందున, కుళ్ళాయప్ప గారి కంట పడకుండానే అవి చిత్తు కాగితాలతో బజారుకు పోయాయి.

ఒకనాటి ఉదయం బస్టాండులో వారు కొన్న వేరుశెనగ గింజల పొట్లంపై మన పాస్‌వర్డు కనిపించింది. వెంటనే గంపలోని పొట్లాలన్నీ ఇమ్మన్నారు.

“ఏమప్పా, ఇన్ని ఏం చేసుకుంటావు? ఇంట్లో పెండ్లి ఉండాదా?” అన్నది గింజలమ్మే హుస్సేన్‌బీ.

“గింజలు నువ్వే పెట్టుకోమ్మా. నాకు కాయితాలు చాలు.”

కార్యాలయానికి వచ్చి ముందు పాస్‌వర్డు మార్చారు. పిదప జాబితాలోని ప్రతి పేరునూ చేతిరాత రిజిస్టరుతో సరిచూశారు. ఒక్క పేరు చెరిగిపోయినా ఒక ఇంట పొయ్యి వెలగదు. పక్కన నిలబడి ఒక్కొక్క పేరే చదివినవాడు ఆ ఘనుడే. సాయంత్రానికి అన్ని పేర్లూ భద్రంగా ఉన్నాయని తేలింది. కుళ్ళాయప్ప గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“నీ పేరు యాడా రాయలేదప్పా,” అన్నారు. “రేపట్నించి ఆ చుట్ట కాయితం దినామూ నువ్వే సదువు. నీ ఎనకాల నేనొగసారి సదువుతా.”

నాటి నుండి అలాగే జరుగుతున్నది. జూలై ఒకటి నుండి నా వెనుక చదివే కళ్ళు ఉండవు. నా దడకు అదే కారణం. వారు ఎక్కడా రాయని ఆ పేరును ఈ వ్యాసం కింద నేనే రాస్తున్నాను.

కుళ్ళాయప్ప గారు సతీమణి ఓబమ్మ గారితో కూడి, ఇకపై పొట్లం విప్పినప్పుడు కాగితం వంక చూడక, గింజలు మాత్రమే తింటూ, గట్టి పళ్ళతో నూరేళ్ళు చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను. కాగితం సంగతి నేను చూసుకుంటాను.

— ఎర్రిస్వామి